ప్యానెల్ ఫ్యాన్ ఫిల్టర్లు: ఎన్ని రోజులకు మార్చాలి, కడగొచ్చా, అసలు తీసేస్తే పోదా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. మిర్యాలగూడ దగ్గర బాయిల్డ్ రైస్ మిల్లు. 75 హెచ్‌పీ బ్లోవర్‌కు డ్రైవ్ ప్యానెల్, అంటే మోటారు వేగాన్ని అదుపు చేసే ఎలక్ట్రానిక్ డ్రైవ్ పెట్టిన ఇనుప డబ్బా. తలుపుకు కింద రెండు ఫ్యాన్ ఫిల్టర్లు, పైన రెండు జాలీలు. ఫిల్టర్లు వారం తిరక్కుండానే మూసుకుపోతున్నాయి. మధ్యాహ్నం రెండు మూడు గంటలకు డ్రైవ్ వేడెక్కి ట్రిప్ అవుతోంది. మీ మేస్త్రీ ఏమో "ఫిల్టర్ పీకి పడెయ్, తలుపు తెరిచి టేబుల్ ఫ్యాన్ పెట్టు, ఏం గాదు" అంటున్నాడు. ఫిల్టర్ కడిగి మళ్లీ వాడొచ్చా, ఎన్ని రోజులకొకసారి మార్చాలి అని మీ ప్రశ్న.

ముందు సూటిగా జవాబు చెప్తాను, కారణాలు తర్వాత.

ఫిల్టర్ తీసేయొద్దు. ఒక్క షిఫ్టుకు కూడా. రోజుల లెక్క పెట్టుకోవద్దు, డిగ్రీల లెక్క పెట్టుకోండి. ప్యానెల్ లోపలి వేడికి, బయటి వేడికి మధ్య తేడా చూసి మార్చాలి. తవుడు పట్టిన ఫిల్టర్‌ను కడగొద్దు, మార్చేయండి. ఇంకొకటి, మీరు అడగకపోయినా చెప్పాలి: పై జాలీల్లో కూడా ఫిల్టర్ ఉంటుంది. దాన్ని ఎప్పుడైనా తీసి చూశారా? మీరు రాసినదాంట్లో దాని ఊసే లేదు. అందుకే నా అనుమానం ముందు అక్కడికే పోతోంది.

నేను ఇరవై ఏళ్లకు పైగా ఎలక్ట్రికల్ మెయింటెనెన్స్‌లో ఉన్నాను. మొదట నల్లగొండ దగ్గర ఒక జిన్నింగ్ మిల్లు, తర్వాత మీ వైపే రెండు రైస్ మిల్లులు, కొన్నేళ్లు జడ్చర్ల దగ్గర ఒక మందుల కంపెనీ. ఇప్పుడు సొంతంగా ప్యానెల్ సర్వీసింగ్ చేసుకుంటున్నాను. కాబట్టి పత్తి పీచు, ఊక, తవుడు, బూడిద అన్నీ తిన్న ప్యానెళ్లను తెరిచి చూశాను.

తేడా చూడడం అనే మాట నాకు జడ్చర్లలో అబ్బింది. అక్కడ ఏసీ యూనిట్లలో ప్రతి ఫిల్టర్‌కూ ముందూ వెనకా గాలి ఒత్తిడి తేడా చూపించే గేజ్ ఉంటుంది. షిఫ్టుకోసారి రీడింగ్ రాయాలి. శుభ్రమైన ఫిల్టర్ ఎంత చూపిస్తుందో తెలుసు. అది రెట్టింపు దాకా పోతుంటే ముందు వరస ఫిల్టర్ తీసి కడుగుతారు. చివర ఉండే, అతి సన్న దుమ్మును కూడా ఆపే హెపా ఫిల్టర్‌ను మాత్రం ఎవరూ కడగరు, దాని జోలికి పోతే అది పాడైనట్టే. అంతకుముందు మిల్లులో మేం చేసింది ఒకటే: నెలకోసారి తీసి గోడకేసి దులపడం. వానాకాలం నెలకూ, మిల్లింగ్ జోరు మీదున్న నెలకూ తేడా లేకుండా. నాలుగు రోజులు మంచిగున్నదాన్ని తీసేవాళ్లం, పది రోజుల కింద చచ్చినదాన్ని అట్లనే ఉంచేవాళ్లం.

మిల్లు ప్యానెల్‌కు గేజ్ పెట్టమని నేను చెప్పను. దాని పని రెండు చిన్న డిజిటల్ థర్మామీటర్లు చేస్తాయి. ఒకదాని సెన్సార్ వైరు ప్యానెల్ లోపల పైభాగాన, డ్రైవ్‌కు పక్కగా. డ్రైవ్ వదిలే వేడిగాలి నేరుగా తగలకూడదు. రెండోది బయట, ఫ్యాన్ గాలి పీల్చుకునే చోట. కొత్త ఫిల్టర్లు కిందా పైనా వేసి, ఫుల్ లోడు మీద ఒక గంట నడిపించి రెండూ చూడండి. లోపల 43, బయట 34 ఉంటే మీ తేడా 9. దాన్ని తలుపు మీద మార్కర్‌తో రాసిపెట్టండి. అదే లోడు మీద ఆ తేడా 13, 14కు వచ్చిందంటే ఫిల్టర్ మార్చాలి. అది అయిదు రోజులకు రావచ్చు, నలభై రోజులకు రావచ్చు.

థర్మామీటర్ పెట్టడానికి ఓపిక లేకపోతే డ్రైవ్ డిస్‌ప్లేలోనే వెతకండి. చాలా డ్రైవుల్లో హీట్‌సింక్ (వేడిని బయటికి వదిలే లోహపు రెక్కల దిమ్మ) ఉష్ణోగ్రత చూపించే పారామీటర్ ఉంటుంది. దాన్ని రోజూ ఒకే టైముకు రాసుకున్నా కథ తెలుస్తుంది.

ఇప్పుడు మధ్యాహ్నమే ఎందుకు ట్రిప్ అవుతోందో చూద్దాం. ఇందులో కొంచెం లెక్క ఉంది, భయపడకండి. 75 హెచ్‌పీ అంటే దాదాపు 55 కిలోవాట్లు. ఇంత డ్రైవ్ ఫుల్ లోడు మీద నడుస్తుంటే సుమారు మూడు శాతం దాకా వేడి కింద పోతుంది. 1,500 వాట్లు అనుకోండి. అంటే ఆ ఇనుప డబ్బాలో ఒక రూమ్ హీటర్ పగలూ రాత్రీ వెలుగుతున్నట్టు. ఆ వేడిని బయటికి నెట్టడానికి ఎంత గాలి కావాలంటే: వాట్లను 3.1తో గుణించి, ఎన్ని డిగ్రీల తేడాకు ఒప్పుకుంటారో దానితో భాగించండి. గంటకు ఎన్ని క్యూబిక్ మీటర్లో వస్తుంది. పది డిగ్రీల తేడా చాలనుకుంటే గంటకు 465. అయిదే ఉండాలంటే 930.

ఫిల్టర్ మూసుకుపోయి గాలి సగానికి పడితే తేడా రెట్టింపవుతుంది. పది కాస్తా ఇరవై. జనవరిలో బయట 28 ఉన్నప్పుడు లోపల 48, డ్రైవ్ గునుస్తూనైనా నడుస్తుంది. మేలో మన దగ్గర 44 అంటే పెద్ద విషయం కాదు కదా, అప్పుడు లోపల 64. ఏ డ్రైవూ దాన్ని తట్టుకోదు. ఎక్కువ డ్రైవులు చుట్టూ 40 డిగ్రీల దాకానే పూర్తి సామర్థ్యం ఇస్తాయి. ఆపైన 50 దాకా నడుస్తాయి కానీ లోడు తగ్గించుకోవాలి. పైగా యాసంగి వడ్లు మిల్లుకొచ్చేది సరిగ్గా ఈ ఎండల్లోనే. దుమ్ము ఎక్కువ, వేడి ఎక్కువ, లోడు ఎక్కువ. మూడూ ఒకే నెలలో.

ఇక్కడొక నిజం ఒప్పుకోవాలి. ఫిల్టర్ ఎంత కొత్తదైనా, ఫ్యాన్ ఎంత పెద్దదైనా, ప్యానెల్ లోపలి వేడి బయటి వేడికంటే తగ్గదు. బయట 44 ఉంటే లోపల 44 కంటే పైనే. పది డిగ్రీల తేడాకు లెక్కగట్టిన ఫ్యాన్లయితే, ఫిల్టర్లు తళతళలాడుతున్నా మే మధ్యాహ్నం లోపల 54 ఉంటుంది. కాబట్టి కొత్త ఫిల్టర్లు కిందా పైనా వేసిన రోజు కూడా మధ్యాహ్నం ట్రిప్ అయితే, తప్పు ఫిల్టర్‌ది కాదు. ఫ్యాన్లు చాలట్లేదు, లేదా ఆ ప్యానెల్‌కు ఏసీ కావాలి. దాని గురించి కింద చెప్తాను.

ఫ్యాన్ కొనేటప్పుడు ఒక చిన్న మోసం. మోసం అనకూడదేమో, కేటలాగులో రాసే ఉంటుంది, మనమే చూడం. అందులో గాలి లెక్కలు రెండు ఉంటాయి. ఒకటి అడ్డేమీ లేకుండా, ఫ్యాన్ ఖాళీగా తిరిగినప్పుడు. రెండోది కింద ఫ్యాన్ ఫిల్టర్, పైన జాలీ ఫిల్టర్ రెండూ బిగించాక. మొదటిది చూడ్డానికి బాగుంటుంది. మనకు కావలసింది రెండోది. అది కూడా కొత్త ఫిల్టర్‌తో వచ్చిన లెక్క, మీ మిల్లులో మూడో రోజు లెక్క కాదు. అందుకే నేను లెక్కకు వచ్చినదానికి ఇంకో సగం కలిపి తీసుకుంటాను.

ఇక మేస్త్రీ మాట. ఆయన అనుభవాన్ని తీసిపారేయను, తలుపు తెరిస్తే ఆ పూటకు ట్రిప్ ఆగుతుంది, నిజమే. జిన్నింగ్ మిల్లులో మేమూ అదే చేశాం. ఫ్యాన్ జాలీ మీద పత్తి పీచు పేరుకుని చిన్న బొంతలా ఊడి వచ్చేది. రోజుకు రెండుసార్లు పీకలేక హెల్పర్ ఒకడు ఫిల్టరే తీసేశాడు. ప్యానెల్ చల్లబడింది, అందరం సంతోషించాం. ఇరవై రోజులో, నెలో అయింది. ఒక రాత్రి ఢామ్మని చప్పుడు, మిల్లంతా చీకటి. టార్చి పట్టుకుని తెరిస్తే ఆర్, వై ఫేజుల బస్‌బార్ల (కరెంటు పారే లోహపు పట్టీల) మధ్య బల్లి. నల్లగా, తోక ఒక ఫేజు మీద, తల ఇంకో ఫేజు మీద. ఫిల్టర్ తీసిన సందులోంచే వచ్చింది. లోపల లైటు వెలుగుకు పురుగులు చేరాయి, పురుగుల కోసం అది చేరింది. దాని కింద అంగుళం మందాన పత్తి పీచు. మెరుపు దానికి అంటుకోకపోవడం మా అదృష్టం.

మీ దగ్గర పత్తి లేదు కానీ అంతకంటే జిడ్డుది ఉంది. తవుడులో నూనె ఉంటుంది, బరువులో అయిదో వంతు దాకా. ఆ సన్న దుమ్ము పొడిగా వచ్చి కూర్చున్నా, వేడికి జిడ్డయి డ్రైవ్ హీట్‌సింక్ రెక్కల మధ్య అట్టకడుతుంది. చేతి బ్లోవర్‌తో గాలి కొట్టినా రాదు. బాయిలర్ వైపు నుంచి వచ్చే నల్ల ఊక బూడిద ఇంకో రకం. సగం కాలిన బొగ్గుపొడి అందులో ఉంటుంది, దానికి కరెంటు పారే గుణం ఉంది. వడ్లు ఉడికించే ఆవిరి తేమ తోడైతే టెర్మినళ్ల మధ్య నల్లటి దారి గీసుకుంటుంది. తలుపు తెరిచి టేబుల్ ఫ్యాన్ పెట్టడమంటే వీటన్నిటినీ లోపలికి విసిరినట్టే. తెరిచిన తలుపు ముందు నడిచే మనుషుల సంగతి వేరే చెప్పాలా.

ఫిల్టర్ బదులు ఇంకేదో పెట్టడం కూడా చూశాను. పాత చీర గుడ్డ, గోనె సంచి ముక్క, సోఫా స్పాంజి. స్పాంజితో నేనే మోసపోయాను. అర్జెంటుగా దొరక్క, కుషన్ల దుకాణంలో అంగుళం మందం కోయించి పెట్టాను. చూడ్డానికి ఎంత ఒద్దికగా కూర్చుందో. గంటలో ట్రిప్. ఫ్యాన్ తిరుగుతోంది, చప్పుడూ వస్తోంది, గాలి మాత్రం లోపలికి పోవట్లేదు. ఈ ఫ్యాన్లకు గాలిని గట్టిగా నెట్టే బలం ఉండదు. ఫిల్టర్ కొంచెం దట్టమైనా చేతులెత్తేస్తాయి. అందుకే ముతక దుమ్మును ఆపే జీ3, మహా అయితే జీ4 రకం పాలిస్టర్ మ్యాట్ చాలు. "ఇంకా మంచిది" అని దుకాణంలో ఫైన్ ఫిల్టర్ అంటగడితే తీసుకోవద్దు. కొత్త పద్ధతిలో దీన్ని ఐఎస్ఓ కోర్స్ (ముతక) అని రాస్తున్నారు, పాత జీ రకాలు అడిగినా దుకాణాల్లో అర్థమవుతుంది. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో రోల్ లెక్కన దొరుకుతుంది, మీటర్లలో కొని కోసుకోండి. ఫ్రేమ్ కంటే చుట్టూ నాలుగైదు మిల్లీమీటర్లు పెద్దగా కోయాలి. సరిగ్గా కోస్తే అంచుల్లో సందు పడుతుంది, దుమ్ముకు ఆ సందే చాలు.

మ్యాట్‌కు రెండు ముఖాలు ఉంటాయి. ఒకవైపు వదులుగా, దూదిలా. ఇంకోవైపు నునుపుగా, బిగువుగా. వదులు వైపు బయటికి, బిగువు వైపు ఫ్యాన్‌కు. అప్పుడు పెద్ద దుమ్ము ముందు పొరల్లో, సన్నది వెనక పొరల్లో ఆగుతుంది, ఎక్కువ రోజులు వస్తుంది. తిరగేస్తే పైపైనే అట్టకట్టి రెండు రోజులకే మూసుకుంటుంది. మీ వారం గడువుకు ఇదీ ఒక కారణం కావచ్చు, చూసుకోండి.

కడగడం సంగతి. పొడి దుమ్ము, మట్టి, పత్తి పీచు అయితే రెండు మూడుసార్లు వాడుకోవచ్చు. ముందు దులపండి. తర్వాత కంప్రెసర్ గాలి తక్కువ ప్రెషర్‌లో, రెండు బార్‌కు మించకుండా, శుభ్రమైన వైపు నుంచి మురికి వైపుకు కొట్టాలి. చాలామంది మురికి వైపు నుంచి కొట్టి దుమ్మును ఇంకా లోపలికి దిగగొడతారు. కంప్రెసర్ లైన్‌లో నూనె, నీళ్లు వస్తున్నాయేమో ముందు తెల్ల కాగితం మీద కొట్టి చూడండి. నీళ్లతో అయితే గోరువెచ్చని నీళ్లలో కొంచెం సర్ఫు వేసి నానబెట్టి, జాడించి, పిండకుండా ఆరేయాలి. పిండితే పోగులు విడిపోయి అక్కడక్కడా పలచబడతాయి. మన బోరు నీళ్ల ఉప్పు గురించి మీకు చెప్పక్కర్లేదు, చివరి జాడింపు ఆర్‌వో నీళ్లతోనో వాన నీళ్లతోనో చేస్తే మంచిది. లేకపోతే ఆరాక తెల్లగా గరుకు కడుతుంది.

పూర్తిగా ఆరకుండా మాత్రం పెట్టొద్దు. ఒక మిల్లులో కుర్రాడు తడి ఫిల్టర్ బిగించి ఫ్యాన్ వేశాడు, "గాలికే ఆరుతది గద" అన్నాడు. ఆరింది, ఆ తడంతా డ్రైవ్ కంట్రోల్ కార్డు మీదికి పోయి ఆరింది. డిస్‌ప్లే మళ్లీ వెలగలేదు. ఎప్పుడూ రెండు సెట్లు ఉంచుకుంటే ఈ తొందర ఉండదు.

మీది తవుడు జిడ్డు కాబట్టి ఇదంతా మీకు పనికిరాదు. జిడ్డు సర్ఫుకు సగమే పోతుంది, మిగిలింది కొత్త దుమ్మును ఇంకా తొందరగా పట్టుకుంటుంది. చేత్తో పట్టుకుంటే వేళ్లకు అంటుకుంటోందా, ముక్కిపోయిన నూనె వాసన వస్తోందా, ఇక పారేయండి. తీసినవాటిని బాయిలర్‌లో మాత్రం వేయొద్దు, అది పాలిస్టర్, కరిగి జాలీకి పట్టుకుంటుంది.

మార్చేటప్పుడు ఫ్యాన్ సప్లై ఆపండి. బయటి జాలీ మూత విప్పితే మ్యాట్ వచ్చేస్తుంది, తలుపు తెరవాల్సిన పని లేదు. లోపల శుభ్రం చేయాలంటే మాత్రం మెయిన్ ఆపి, డ్రైవ్ మీద రాసినన్ని నిమిషాలు ఆగి, డ్రైవ్ లోపలి డీసీ బస్ వోల్టేజ్ పోయిందో లేదో మీటర్‌తో చూసి అప్పుడే చెయ్యి పెట్టండి. కెపాసిటర్లలో కరెంటు నిలిచి ఉంటుంది. లోపల చేతి బ్లోవర్‌తో గాలి కొట్టొద్దు, వ్యాక్యూమ్ క్లీనర్‌తో లాగాలి. బ్లోవర్ దుమ్మును కాంటాక్టర్ల (కరెంటును కలిపి విడదీసే స్విచ్‌ల) లోపలికి తోస్తుంది, అంతకుమించి చేసేదేమీ లేదు.

ఇప్పుడు మీరు ముందుగా చేయాల్సిన చిన్న పరీక్ష. పావుగంట కూడా పట్టదు. ఒక కాగితం తీసుకుని కింది ఫ్యాన్ జాలీకి ఆనించండి. అతుక్కోవాలి. పై జాలీకి ఆనించండి. ఎగిరిపోవాలి. కింద అతుక్కుని పైన కదలకపోతే పై ఫిల్టర్ మూసుకుపోయింది. దుమ్ము బయటినుంచే వస్తుంది కదా, బయటికి పోయే దారిలో ఏముంటుందిలే అనుకుని దాన్ని ఏళ్ల తరబడి తెరవని ప్యానెళ్లు చూశాను. లోపలికి దూరిన సన్న దుమ్ము చివరికి అక్కడే ఆగుతుంది. ఫ్యాన్ ఆగి ఉన్నప్పుడు బయటి ఊక దుమ్ము పైనుంచి కూడా పడుతుంది. కింద కాగితం ఎగిరిపోతోందంటే ఫ్యాన్ మార్చినప్పుడు తిరగేసి బిగించారు, ఫ్యాన్ పక్కన బాణం గుర్తు ఉంటుంది చూసుకోండి.

తిరగేస్తే ఏమవుతుందంటారా? ఫ్యాన్ గాలిని లోపలికి నెట్టాలి. అప్పుడు ప్యానెల్ లోపల ఒత్తిడి కొంచెం ఎక్కువుంటుంది, సందుల్లోంచి గాలి బయటికి పోతుంది కానీ దుమ్ము లోపలికి రాదు. గాలిని బయటికి లాగేలా పెడితే ప్రతి కేబుల్ రంధ్రం, ప్రతి చిరిగిన రబ్బరు అంచు దుమ్ము పీల్చే ముక్కు అవుతుంది. అప్పుడు ఫిల్టర్ ఎంత మంచిదైతే ఏం, గాలి దాని గుండా రానే రాదు. ప్యానెల్ పైన ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఒక్కటే పెట్టి చేతులు దులుపుకునే ప్యానెల్ బిల్డర్లు ఇంకా ఉన్నారు. మీ ప్యానెల్ కేబుల్ గ్లాండ్లు (కేబుళ్లు లోపలికి దిగే చోట ఉండే బిగింపులు) కూడా చూడండి, ఖాళీ రంధ్రాలుంటే మూయించండి.

పరీక్ష అయ్యాక ఆ పై జాలీకి సన్నటి రిబ్బన్ ముక్క కట్టండి. ఎగురుతున్నంతసేపు ఫ్యాన్ బాగుంది, గాలి పోతోంది. వేలాడిపోతే ఏదో అయింది. షిఫ్టు వాళ్లు దూరం నుంచే చూస్తారు, లాగ్‌బుక్కులో నేను పెట్టిన పదిహేను గడులకంటే ఈ రిబ్బనే ఎక్కువ పనిచేసింది.

ప్యానెల్ ఏసీ గురించి. డ్రైవ్ దగ్గర 40 లోపే ఉండాలంటే మన ఎండలకు అదొక్కటే దారి, బయటి గాలి లోపలికి రాదు కాబట్టి దుమ్ము బాధ కూడా తగ్గుతుంది. కానీ రెండు విషయాలు. కేటలాగులో రాసిన సామర్థ్యం సాధారణంగా బయట 35 డిగ్రీల దగ్గర లెక్కగట్టింది, 45 దగ్గర అంత ఇవ్వదు. మీ 1,500 వాట్ల వేడికి 1,500 వాట్ల ఏసీ కొంటే మేలో చాలదు. రెండోది, ఏసీ బయటి కాయిల్ కూడా ఇదే తవుడు పీలుస్తుంది. దానికీ ఫిల్టర్ ఉంటుంది, దానికీ ఇదే కాపలా.

డబ్బు పెట్టే ఉద్దేశం మీ సేటుకు ఉంటే నేను ఏసీ కంటే ముందు వేరే గది అడుగుతాను. ప్యానెళ్లన్నీ ఒక గదిలో, గోడకు ఒక పెద్ద ఫ్యాన్, దాని ముందు నాలుగడుగుల ఫిల్టర్ వరస. గాలి తీసుకునే కిటికీ ఊక కుప్పకూ బాయిలర్‌కూ దూరంగా ఉండాలి. వానాకాలంలో గాలి పడమటి నుంచి కొడుతుంది, కుప్ప పడమర పక్కనుంటే కిటికీ తూర్పుకు. ఫిల్టర్ ఎంత పెద్దదైతే అంత నెమ్మదిగా మూసుకుంటుంది. ప్యానెల్ మీది జానెడు మ్యాట్‌తో కొట్లాడే బాధ ఉండదు. గది కుదరకపోతే కనీసం ఫ్యాన్ ముందు ఒక రేకు డబ్బా బిగించి, దానికి దోమల జాలీ పెట్టించండి. పెద్ద ఊక అక్కడే ఆగుతుంది, చీపురుతో దులిపితే పోతుంది. జాలీ మాత్రం ఫ్యాన్ ముఖానికి రెండు మూడింతల పెద్దదిగా ఉండాలి, లేకపోతే అదే అడ్డమవుతుంది.

ఫిల్టర్ రోల్ మాత్రం మార్చి లోపే తెచ్చి పెట్టుకోండి. వడ్లు వచ్చాక హైదరాబాద్ పోయి తెచ్చే తీరిక మీకుండదు.

ముందు పై జాలీలు తెరిచి ఏం కనిపించిందో ఫొటో పెట్టండి. ఫిల్టర్లు నాలుగూ మార్చాక ఉదయం ఏడుకు, మధ్యాహ్నం మూడుకు లోపలా బయటా ఎంతుందో మూడు రోజులు రాసి ఇక్కడే పెట్టండి. ఫ్యాన్ సైజు మార్చాలా, ఏసీ దాకా పోవాలా అన్నది ఆ ఆరు జతల అంకెలు చూసి చెప్తాను.